క్యాంపు భోజనం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"జీవితంలో నువ్వు నేర్చుకున్నదేదో పది నిమిషాలు చెప్పు" అన్నారు మన కార్యదర్శి. నేను పత్తి విత్తనాలూ పురుగుమందులూ అమ్మే ఉద్యోగంలో ముప్పై రెండేళ్ళు ఊళ్ళు తిరిగినవాణ్ణి. నెలకి ఇరవై రోజులు క్యాంపే. కొత్త ఊళ్ళో మంచి భోజనం ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవడం మాత్రం బాగా నేర్చుకున్నాను. మీ పిల్లలు కూడా ఇప్పుడు ఆఫీసు పనుల మీద తిరుగుతున్నారు గనక ఆ సంగతే చెబుతాను.

ఇది ఈనాటి సమస్య కాదు. మన వినుకొండ వల్లభరాయుడి పేర ఉన్న క్రీడాభిరామం గురించి తెలుగు మాస్టారు క్లాసులో చెప్పింది మీకు గుర్తుండే ఉంటుంది. ఓరుగల్లు చూడబోయిన ఇద్దరు స్నేహితులకి అక్కడ ఒక పూటకూళ్ళ ఇంట్లో ఒక్క రూకకి పిండివంటలతో భోజనం దొరుకుతుంది. శ్రీనాథుడికి పల్నాడులో అంత అదృష్టం పట్టలేదంటారు. జొన్నకూడు చూసి ఆయన విసుక్కున్నట్టు చాటువులున్నాయి. పల్నాడులో జొన్నరొట్టె, గోంగూర పచ్చడి తిన్నవాణ్ణి గనక ఈ ఒక్క విషయంలో నేను మహాకవితో ఏకీభవించను.

పేరున్న చోట్లు ఎవరినడిగినా చెబుతారు. గుంటూరులో శంకర్ విలాస్ ఉంది, ఆ సెంటరుకే ఆ పేరు పడిపోయింది. విజయవాడలో బాబాయ్ హోటల్, అక్కడ ఇడ్లీ మీద వెన్న వేసి ఇస్తారు. కాకినాడ వెళ్తే సుబ్బయ్య హోటల్. ఒంగోలు వెళ్తే అల్లూరయ్య మైసూర్‌పాక్ తీసుకోకుండా ఇంటికి రావడం క్షేమం కాదు. కానీ నా ఉద్యోగం ఎక్కువగా మార్టూరు, పర్చూరు, ఇంకొల్లు, అద్దంకి ఇలాంటి ఊళ్ళల్లో. అక్కడ ఎవరిని అడగాలి?

మనం పనిమీద కలవబోయే షాపు యజమానిని అడగొద్దు. ఆయన ఇంట్లో తింటాడు. మన మర్యాద కోసం ఏసీ ఉన్న హోటల్ చూపిస్తాడు. హమాలీలను, లారీ డ్రైవర్లను, బస్సు కండక్టర్లను అడగండి. "ఎక్కడ బాగుంటుంది?" అని కాదు, "మీరు ఎక్కడ తింటారు?" అని అడగండి. ఆ రెండు ప్రశ్నలకి జవాబులు వేరు.

గుంటూరు మిర్చి యార్డునే తీసుకోండి. సీజన్లో లోపల అడుగుపెడితే మనకి తుమ్ములు ఆగవు. ఆ ఘాటులో పొద్దుటినుంచి టిక్కీలు మోసిన మనిషికి మధ్యాహ్నం కావలసింది మసాలా కాదు. వేడన్నం, పప్పు, చారు, చివర్న గడ్డ పెరుగు. అవి సరిగ్గా లేకపోతే అతను రెండోరోజు ఆ గడప తొక్కడు. అతను రోజూ వెళ్ళే చోటికి మనం కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు.

రెండో సూత్రం, ఊరి వేళకి మన వేళ కలుపుకోవాలి. జిన్నింగు మిల్లు వాళ్ళు పన్నెండున్నరకి తింటే మనమూ పన్నెండున్నరకే కూర్చోవాలి. రెండింటికి వెళ్ళి అన్నం చల్లగా ఉందంటే తప్పు వండినవాళ్ళది కాదు. మూడోది, "ఏమేం ఉన్నాయి?" అనకుండా "ఈ రోజు ఏం వండారు?" అని అడగండి. దోసకాయ పప్పు, వంకాయ కూర, అంతే అన్నారనుకోండి, వెంటనే కాళ్ళు కడుక్కోండి.

ఇక నాలుగోది సూత్రం కాదు, చిలకలూరిపేటలో ఒక మెస్సు. నడిపే పెద్దావిడని అందరం పిన్నిగారనేవాళ్ళం. 1987 ప్రాంతంలో తెల్లదోమ వచ్చి మన రెండు జిల్లాల్లో పత్తిని ఊడ్చేసింది. ప్రాణాలు తీసుకున్న రైతులున్నారు. అరువుకి మందులిచ్చిన షాపులు దెబ్బతిన్నాయి, జిన్నింగు మిల్లుల్లో హమాలీలకి పని లేదు. పిన్నిగారి ఖాతా పుస్తకంలో మాత్రం పేజీలు నిండుతున్నాయి. "ఇవన్నీ ఎలా వసూలవుతాయి పిన్నిగారూ?" అన్నాను ఒకరోజు. "పత్తి వస్తే వాళ్ళే ఇస్తారు నాయనా. రాకపోతే వాళ్ళ దగ్గర మాత్రం ఎక్కడుంది? ముందు తిను, చారు చల్లారిపోతోంది" అంది. ఆ ఏడాది ఆవిడ కూరల్లో ఒకటి తగ్గించింది గాని పెరుగు తగ్గించలేదు.

ఇంకొక మాట, కాస్త కష్టమైనది. నాతో మోటారు సైకిల్ మీద తిరిగిన సహోద్యోగి ఒకడున్నాడు. కొన్ని పల్లెల్లో టీ బంకుల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి ఉండేది. నాకు ఒక గ్లాసు, అతనికి వేరే గ్లాసు. అతను గొడవపడేవాడు కాదు, "నాకు టీ అలవాటు లేదండీ" అనేవాడు. అతనికి రోజుకి నాలుగు టీలు పడాలని నాకు తెలుసు. ఆ బంకుల దగ్గర ఇద్దరం ఆగడం మానేశాం, ఫ్లాస్కు కొనుక్కున్నాం. పిన్నిగారి మెస్సులో మాత్రం అతను, నేను, హమాలీలు, భూమి ఉన్న రైతులు ఒకే బంతిలో కూర్చున్నాం. ఆవిడ ఎవరి ఇంటిపేరూ అడగలేదు. "కారం ఎక్కువైందా?" అని మాత్రం అందరినీ అడిగింది. అందుకే అంటాను, కూర రుచి పది రోజుల్లో మర్చిపోతాం. ఎవరి పక్కన కూర్చుని ఎలా తిన్నామో మర్చిపోం.

ఇప్పుడు ఆ మెస్సు లేదు. మంచి హోటల్ ఏదో ఫోను చూస్తే నక్షత్రాలు చూపిస్తుంది. కానీ ఆడపిల్ల ఒంటరిగా వెళ్తే ఎవరూ వింతగా చూడకుండా తినే వీలుందో లేదో, బాత్రూము శుభ్రంగా ఉందో లేదో నక్షత్రాలు అన్నిసార్లూ చెప్పవు. మా రోజుల్లో క్యాంపులంటే మగవాళ్ళవే. ఇప్పుడు మన అమ్మాయిలు వెళ్తున్నారు. ఆ ఊళ్ళో నర్సునో, టీచరునో, మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళనో అడగమని వాళ్ళకి చెప్పండి. తిన్నాక డబ్బు కట్టి వచ్చెయ్యకుండా వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, వండినవాళ్ళకి బాగుందని ఒక మాట చెప్పమనండి. ఆ మాట ఏ బిల్లులోనూ పడదు.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. వెనక షామియానాలో మనకోసం వంట చేస్తున్నవాళ్ళు తెల్లవారుజామునుంచి నిలబడే ఉన్నారు. నాది ఒక్క మనవి. మన బంతులు అయ్యాక వాళ్ళని కూర్చోబెట్టి, ఆఖరి బంతి మనం వడ్డిద్దాం. పెరుగు గిన్నె నేను పట్టుకుంటాను.