విమానపు దూరం, యాత్రికుని దూరం





హజ్ దరఖాస్తులు నింపే రోజులలో మనవారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: జిద్దా ఎంత దూరం, ఎన్ని గంటల ప్రయాణం? ఆకాశమార్గాన హైదరాబాదు నుండి సుమారు 4,130 కిలోమీటర్లు, విజయవాడ నుండి సుమారు 4,400 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానానికి ఇంచుమించు ఆరు గంటలు. సౌదీ కాలమానం మనకంటె రెండున్నర గంటలు వెనుక గనుక, ఇక్కడ ఉదయం పదింటికి బయలుదేరినవారు అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు దిగుతారు. మీఖాత్ హద్దు ఆకాశంలోనే దాటిపోతుంది. అందుచేత నేరుగా జిద్దాకు పోయేవారు ఇహ్రాం ముందే ధరించవలెను. 1995 వరకు బొంబాయి నుండి ఓడలలో రోజుల తరబడి సాగిన ప్రయాణం నేడు ఒక్క పూటకు కుదించుకుపోయింది.

అయితే ఛార్జీ కిలోమీటర్లను బట్టి నిర్ణయం కాదు. పై రెండు దూరాల మధ్య తేడా ఏడు శాతం లోపే. కాని విజయవాడ కేంద్రం ప్రారంభమైన 2023లో అక్కడి యాత్రికునిపై సుమారు 80 వేల రూపాయల అదనపు భారం పడింది. ఆ ఏడు రాష్ట్ర ప్రభుత్వం దానిని భరించింది. కేరళలో 2024లో కోజికోడ్ కేంద్రానికి మొదట ప్రకటించిన ఛార్జీ, పొరుగునే ఉన్న కన్నూరు ఛార్జీకి దాదాపు రెట్టింపు. ఛార్జీని ఒక్కొక్క కేంద్రానికి విడిగా టెండరు ద్వారా నిర్ణయిస్తారు. యాత్రికుల సంఖ్య, రన్‌వేపై దిగగల విమానం పరిమాణం, యాత్రికులను దింపి ఖాళీగా తిరిగివచ్చే విమానపు ఖర్చు, ఇవన్నీ అందులో చేరుతాయి.

అలాగని విజయవాడ కేంద్రం అక్కరలేదని మేము అనము. శ్రీకాకుళం నుండి బయలుదేరే వృద్ధ దంపతులకు హైదరాబాదు కంటె విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు దగ్గర. సామాను మోసుకొని, సాగనంపే బంధువులతో వచ్చేవారికి అది ఒక రాత్రి ప్రయాణం తప్పినట్లే. కర్నూలు వారికి మాత్రం హైదరాబాదే దగ్గర. అనంతపురం వారికి బెంగళూరు దగ్గర. ఎవరికి ఏది అనుకూలమో వారే ఎంచుకోవలెను.

ఆ ఎంపికకు అర్థముండవలెనంటే ముందుగా లెక్క తెలియాలి. దరఖాస్తు నింపే నాటికి తుది ఛార్జీ ఖరారు కాదు. రాష్ట్ర ప్రభుత్వం తేడాను భరించేదీ లేనిదీ కూడ ఆనాటికే ప్రకటించవలెనని మేము కోరుతున్నాము. హజ్ సబ్సిడీ 2018లోనే ముగిసింది. నేటి యాత్రికుడు తన చెమటోడ్చిన సొమ్ముతో పోతున్నాడు. తన సొమ్ముకు లెక్క అడగడం యాచన కాదు, హక్కు.

ప్రతి మస్జిదు కమిటీ ఈ వినతిని వ్రాతపూర్వకంగా రాష్ట్ర హజ్ కమిటీకి పంపవలసిందిగా మా ప్రార్థన. అల్లాహ్ మనందరికీ తన గృహ దర్శన భాగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.