ఇంజను మీద నంబరు చదువుదాం

(అడవి అంచు పల్లెలోని ఒక చదువుల కేంద్రంలో విద్యా వాలంటీరు చేసిన ప్రసంగం)



ఈ రోజు మనం ఇంజను గురించి మాట్లాడుకుందాం. అప్పుడే కొందరు నవ్వుతున్నారు. "మాకెందుకు టీచరమ్మా, అది మగోళ్ళ పని" అని వెనక నుంచి ఒక అక్క అంటున్నది. నిజమే, పానా పట్టేది మగవాళ్ళే. కానీ ఆ ఇంజను కొనడానికి డబ్బు ఎక్కడిది? సంఘం అప్పు ఎవరి పేరు మీద వస్తుంది? సంతకం ఎవరు పెడతారు? నెల నెలా కిస్తీ ఎవరు కడతారు?

పోయిన వారం మన కేంద్రానికి వచ్చే ఒక అక్క నన్ను అడిగింది. వాళ్ళకు ఒక పాత పికప్ బండి ఉంది. మిరప బస్తాలు, పత్తి బోరేలు అందులో తోలుతారు. దాని ఇంజను పట్టేసింది. ఎక్కడో పాత డీజిల్ ఇంజను ఉందట. అది కొని ఈ బండికి వేయిద్దామని ఇంట్లో అనుకుంటున్నారు. అక్క అప్పు తీసుకోవాలి. "సంతకం పెట్టే ముందు నేనేం చూసుకోవాలె?" అని అడిగింది. మంచి ప్రశ్న. మా ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ కథ ముందు చెబుతాను.

మా నాన్నకు ఒక పాత జీపు ఉండేది. వెనక సరుకు వేసుకుని వారపు సంతలకు తిప్పేవాడు. 2016లో ఒక ఎండాకాలం దాని రేడియేటరు కారింది. నాన్న చూసుకోలేదు. నీళ్ళు లేక ఇంజను కాగిపోయింది. లోపల పిస్టన్లు గోడలకు అతుక్కుపోయాయి. ఇంజను పట్టేయడం అంటే ఇదే. అమ్మ సంఘంలో 45 వేలు అప్పు తీసింది. నాన్న పట్నంలో ఒక దుకాణంలో పాత ఇంజను కొన్నాడు. దుకాణం వాళ్ళు చీటీ ఇచ్చారు. చీటీలో "పాత ఇంజను ఒకటి" అని, కింద రూపాయలు రాసి ఉంది. అంతే.

ఎనిమిది నెలలు బండి బాగానే తిరిగింది. తర్వాత ఫిట్‌నెస్ పరీక్షకు తీసుకుపోయారు. అధికారి బానెట్ ఎత్తి టార్చి వేసి చూశాడు. ఆర్.సి.లో ఒక నంబరు. ఇంజను మీద ఇంకో నంబరు. పైగా ఇంజను మీద రెండు అంకెలు రాకినట్టు ఉన్నాయి. "ఈ ఇంజను ఎక్కడిది? బిల్లు ఏది?" అని అడిగాడు. నాన్న చీటీ చూపించాడు. చీటీలో నంబరు లేదు. మళ్ళీ దుకాణానికి పోతే, "నేనిచ్చిన ఇంజను ఇదేనని రుజువేంది?" అన్నాడు ఆయన. నాన్న దగ్గర జవాబు లేదు.

బండి అయిదు నెలలు వేపచెట్టు కింద నిలబడింది. బండి తిరగకపోయినా కిస్తీ ఆగదు కదా. అమ్మ పత్తి ఏరి ఆ కిస్తీలు కట్టింది. చివరికి ఆ ఇంజనును తుక్కు కింద కాటా వేసి అమ్మేశారు. మా పాత ఇంజను పశువుల కొట్టంలో పడి ఉంది. దాన్నే బాగు చేయించుకున్నారు.

ఆ చీటీ అమ్మ పెట్టెలోనే ఉండేది. అమ్మకు చదువు రాదు. నాకు వచ్చు. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. అయినా దాన్ని తీసి చదవలేదు. ఎవరూ చదవమనలేదు, నాకూ తోచలేదు.

ఇప్పుడు అక్క బండి సంగతికి వద్దాం. మొదట అడగాల్సింది, ఇంజను మార్చడం తప్పనిసరా అని. ఇంజనులో పెద్ద ఇనుప దిమ్మ ఉంటుంది. దాన్ని బ్లాకు అంటారు. నంబరు దాని మీదే చెక్కి ఉంటుంది. బ్లాకు పగలకపోతే లేతు దగ్గర బోరు చేయించవచ్చు. కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేస్తారు. ఖర్చు అవుతుంది, రోజులు పడతాయి. కానీ నంబరు మారదు. కాగితాల పని ఉండదు. బ్లాకు బాగుంటే బాగు చేయించడమే మేలని నా మాట. మెకానిక్ అన్నలకు మార్చడమే తేలిక. అందుకే "మార్చేద్దాం" అని తొందర పెడతారు.

పాత ఇంజను వేయడం మన దగ్గర కొత్త సంగతి కాదు. మహీంద్రా కంపెనీ 1940ల చివరలో అమెరికా విల్లీస్ జీపులను మన దేశంలో కూర్చడం మొదలుపెట్టింది. అవి పెట్రోలు జీపులు. తర్వాత ఫ్రాన్సుకు చెందిన ప్యూజో కంపెనీ రకం డీజిల్ ఇంజన్లు వచ్చాయి. పెట్రోలు ధర ఎక్కువ, డీజిల్ ధర తక్కువ. అందుకని చాలామంది పెట్రోలు ఇంజను తీసేసి, ఎక్కడో దెబ్బతిన్న జీపులోని డీజిల్ ఇంజను తెచ్చి వేయించుకున్నారు. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వ అదుపు తీసేశారు. ఇప్పుడు ఆ తేడా అంత లేదు. పాత ఇంజన్లకు మనవాళ్ళు విజయవాడ ఆటోనగర్ దాకా కూడా పోతారు. అక్కడ లారీ మొదలు బోల్టు దాకా దొరుకుతుంది.

డీజిల్ ఇంజను ఎలా నడుస్తుందో కొంచెం తెలుసుకుందాం. సైకిలుకు గాలి కొట్టారా? కొడుతుంటే పంపు అడుగున వేడెక్కుతుంది. గాలిని నొక్కితే వేడి పుడుతుంది. డీజిల్ ఇంజనులో సుమారు ఇరవై బిందెల గాలిని ఒక్క బిందెలోకి నొక్కినట్టు నొక్కుతారు. గాలి నిప్పులా కాగుతుంది. అందులోకి డీజిల్ చిమ్మితే దానంతట అదే మండుతుంది. నిప్పురవ్వ అక్కరలేదు. 1890లలో జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ అనే ఇంజనీరు దీన్ని తయారుచేశాడు. ఆయన పేరే నూనెకు వచ్చింది.

ఆ నొక్కే బలం పోతే ఇంజను ముసలిదైనట్టే. అది ఎలా తెలుస్తుంది? చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేయించండి. మీరు పోయేసరికి ఇంజను వేడిగా ఉంటే అనుమానించండి. ముందే తిప్పి ఉంచారన్న మాట. "చల్లారిందాక కూర్చుంటం" అని చెప్పండి. స్టార్టు అయ్యాక పొగ చూడండి. నీలం పొగ వస్తుంటే ఇంజను ఆయిల్ మండుతోంది. నల్ల పొగ ఆగకుండా వస్తుంటే పంపులోనో నాజిల్‌లోనో తేడా ఉంది. తెల్ల పొగ చల్లని పొద్దున కాసేపు వచ్చినా పరవాలేదు. వేడెక్కినా తగ్గకపోతే లోపలికి నీళ్ళు పోతున్నాయేమో చూపించాలి. ఇంజను ఆపాక ఆయిల్ కడ్డీ తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే ఆ ఇంజను వద్దు. ఆయిల్‌లో నీళ్ళు కలిశాయి.

ఇంకొకటి. మీ బండికి ఏ ఇంజను ఉందో అదే రకం ఇంజను అడగండి. అదే రకమైతే గేరు పెట్టెకు సరిపోతుంది. రబ్బరు దిమ్మల మీద సరిగ్గా కూర్చుంటుంది. వేరే రకమైతే వెల్డింగు చేయాలి, పట్టీలు కోయాలి. బరువు ఎక్కువైతే ముందు కమాన్ కట్టలు వంగుతాయి. చట్టం కూడా ఒప్పుకోదు. బండిని కంపెనీ చెప్పినదానికి భిన్నంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఇంజను విప్పినప్పుడు క్లచ్ ప్లేటు, రబ్బరు గొట్టాలు ఎలాగూ బయటపడతాయి. అరిగినవి అప్పుడే మార్పించండి. రేడియేటరు కడిగించండి. మా నాన్న ఇంజను చచ్చింది రేడియేటరు వల్లే కదా. ఆ ఖర్చు కూడా కలిపి అప్పు లెక్క వేసుకోవాలి. ఇంజను ధర ఒక్కటే చూస్తే మధ్యలో డబ్బు చాలదు.

ఇక నంబరు. చదువుకున్న వాళ్ళం కాబట్టి ఇది మన పని. ఆర్.సి. కాగితంలో రెండు పెద్ద నంబర్లు ఉంటాయి. ఒకటి చాసిస్ నంబరు. అది బండి ఎముకల గూటి మీద ఉంటుంది. రెండోది ఇంజను నంబరు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. నూనె జిడ్డు గుడ్డతో తుడిచి చదవాలి. ఒకరు చదవాలి, ఒకరు రాయాలి. మళ్ళీ ఇద్దరూ మార్చుకుని చూడాలి. సున్నాను ఓ అనుకుంటాం. ఒకటిని ఐ అనుకుంటాం. ఎనిమిదికీ బి అక్షరానికీ తేడా జిడ్డులో తెలియదు. అయిదు, ఎస్ కూడా అంతే. అనుమానం వస్తే నంబరు మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి. అచ్చు పడుతుంది. ఆఫీసుల్లో కూడా చాసిస్ నంబరుకు ఇలా పెన్సిల్ అచ్చు తీస్తారు. నంబరు దగ్గర రాకినట్టు, మళ్ళీ కొట్టినట్టు ఉంటే ధర ఎంత తక్కువైనా వదిలేయండి. అది దొంగ సొత్తు కావచ్చు.

బిల్లులో ఇంజను నంబరు రాయించండి. అమ్మినవాళ్ళ పేరు, ఊరు, తేదీ, సంతకం ఉండాలి. ఆ ఇంజను ఏ బండిలోనిదో ఆ బండి నంబరు, దాని ఆర్.సి. నకలు కూడా అడగండి. "అవన్నీ ఎందుకమ్మా, మేం ఉన్నాం కదా" అంటారు. మా నాన్నకూ అట్లాగే అన్నారు.

మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. దాని 52వ సెక్షన్ ప్రకారం ఇంజను మార్చిన 14 రోజుల్లో ఆర్.టి.ఓ. ఆఫీసులో చెప్పాలి. ఆర్.సి. ఇచ్చి, ఫీజు కట్టి, కొత్త నంబరు రాయించుకోవాలి. మార్చక ముందే ఒకసారి పోయి ఏ కాగితాలు కావాలో అడిగి రావడం మంచిది. బండి మీద ఫైనాన్స్ ఉంటే వాళ్ళ రాతపూర్వక ఒప్పుదల కావాలి. నంబర్లు కలవకపోతే ప్రమాదం జరిగిన రోజు బీమా వాళ్ళు పేచీ పెట్టవచ్చు. ఎనిమిదేళ్ళు దాటిన సరుకు బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు ఆ నంబరు బయటపడక మానదు.

మనది సరిహద్దు కాబట్టి ఒక మాట. 2014లో చింతూరు, కూనవరం, కుక్కునూరు, వేలేరుపాడు వైపు ఊళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వేరే అయింది. అందుకే ఒకే సంతలో ఎ.పి. 20 బండి, టి.ఎస్. 28 బండి, 2024 తర్వాత వచ్చిన టి.జి. బండి పక్కపక్కన కనిపిస్తాయి. ఇంజను ఎక్కడ కొన్నా, మీరు ఉండే చోటి ఆఫీసులోనే చెప్పాలి.

సరుకు బండిలో మిరప ఏరడానికి మనల్ని ఎక్కించుకుపోయే సంగతి కూడా ఉంది. అది వచ్చే వారం మాట్లాడుకుందాం. అది ఇంకా పెద్ద సంగతి.

అక్క వాళ్ళ బండిని ఈ రోజు మన కేంద్రం ముందుకు నెట్టుకొచ్చి పెట్టారు. బానెట్ ఎత్తే ఉంది. ఆర్.సి. అక్క చేతిలో ఉంది. పెన్సిల్, కాగితం, పాత గుడ్డ తీసుకుని రండి. ఇద్దరిద్దరు చొప్పున నంబరు చదివి పలకల మీద రాద్దాం. ఎవరి పలక మీద ఏముందో చూద్దాం.