ఖాదియాన్ నుంచి చట్టసభ దాకా: ఒక విశ్వాస వివాద చరిత్ర



ఏ మతం గురించి మాట్లాడినా ముందు ఆ మతస్థులు తమ గురించి ఏం చెప్పుకుంటారో వినాలి, విమర్శ ఆ తర్వాతే అని మా చరిత్ర మాస్టారు తరగతిలో పట్టుబట్టేవారు. ఆ నియమానికి గట్టి పరీక్ష పెట్టే విషయాన్నే ఈ ఉపన్యాసానికి ఎంచుకున్నాను. అహ్మదీయ ఉద్యమం గురించి మన భాషలో చదివింది తక్కువ, విన్నది ఎక్కువ. విన్నదాంట్లోనూ పరస్పర దూషణే ఎక్కువ.

పంతొమ్మిదో శతాబ్దపు పంజాబుకు వెళదాం. 1849లో సిక్కు రాజ్యం కూలి బ్రిటిష్ పాలన వచ్చింది. వెనకాలే క్రైస్తవ మిషనరీలు వచ్చారు. 1877లో లాహోరులో ఆర్యసమాజం వేళ్లూనుకుంది. అచ్చుయంత్రం చవకైంది. ఊరూరా మతవాదాలు, కరపత్రాలు, సవాళ్లు. ఇస్లాం మీద దాడి జరుగుతోందని, జవాబు చెప్పేవాడు కావాలని ముస్లింలు ఎదురుచూస్తున్న కాలమది. గురుదాస్‌పూర్ జిల్లా ఖాదియాన్‌లో, ప్రాభవం తగ్గిన ఒక భూస్వామి కుటుంబంలో పుట్టిన మీర్జా గులాం అహ్మద్ అలాంటి జవాబుదారుగానే జనానికి తెలిశారు. 1880 నుంచి భాగాలుగా వెలువడిన ఆయన ‘బరాహీనె అహ్మదియ్యా’ను పండితులు మెచ్చుకున్నారు. తర్వాత ఆయనకు ప్రధాన శత్రువైన మౌల్వీ ముహమ్మద్ హుసేన్ బటాల్వీ కూడా మొదట ఆ గ్రంథాన్ని తన పత్రికలో ఆకాశానికెత్తినవారే. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మీర్జా బయటి నుంచి ఇస్లాం మీదికి వచ్చినవాడు కాదు, ఇస్లాం పక్షాన వాదిస్తూ పైకి వచ్చినవాడు.

1889 మార్చి 23న లుధియానాలో ఆయన బైఅత్, అంటే విధేయతా ప్రమాణం, తీసుకోవడం మొదలుపెట్టారు. అహ్మదీయ ఉద్యమానికి అదే మొదలు. తొలిరోజు నలభైమంది ఆయన చేతిలో చెయ్యి వేసి ప్రమాణం చేశారు. మొదటి చెయ్యి కాశ్మీరు మహారాజు ఆస్థాన వైద్యుడు హకీం నూరుద్దీన్‌ది.

తుపాను 1891లో లేచింది. ఈసా, అంటే యేసు, సజీవంగా ఆకాశానికి ఎత్తబడ్డాడని, ప్రళయానికి ముందు దిగివస్తాడని ముస్లింలలో అత్యధికుల నమ్మకం. అలా కాదన్నారు మీర్జా. ఈసా సిలువ మీద చనిపోలేదు, ప్రాణాలతో బయటపడి తూర్పుకు వచ్చి అందరిలాగే వృద్ధాప్యంలో కన్నుమూశాడు, శ్రీనగర్ ఖాన్యార్‌లోని సమాధి ఆయనదే అని తర్వాత రాశారు. మరి తిరిగి రావలసిన మసీహ్ ఎవరు? ఈసా గుణాలతో ఈ ముస్లిం సమాజంలోనే పుట్టే వ్యక్తి, అది నేనే అన్నారు. మహ్‌దీని కూడా నేనే అన్నారు. కత్తితో జిహాద్‌కు ఈ కాలంలో చోటు లేదు, కలంతో చేయాలన్నారు. 1904లో సియాల్‌కోట్ ఉపన్యాసంలో హిందువులకు తాను కృష్ణుడి వంటివాడినని కూడా ప్రకటించారు.

వీటన్నిటికంటే లోతుగా గాయపరచింది ప్రవక్తృత్వం మాట. ఖురాన్ 33వ అధ్యాయం 40వ వాక్యం ముహమ్మద్ ప్రవక్తను ‘ఖాతమున్నబియ్యీన్’, అంటే ప్రవక్తల ముద్ర, అంటుంది. పద్నాలుగు శతాబ్దాలుగా ఉలేమా (మత పండితులు) దీనికి చెప్పే అర్థం ఒకటే: ఆయనతో ప్రవక్తల పరంపర ముగిసింది, ఇక ఏ రకమైన ప్రవక్తా రాడు. షియా, సున్నీ, దేవబందీ, బరేల్వీ భేదం లేకుండా అందరూ నిలబడే గడప ఇది. దీన్ని ఛాందసం అని కొట్టిపారేస్తే వాళ్లకు అన్యాయం చేసినట్టే. ఒక సమాజం తన ఉనికిని ఏ నమ్మకం మీద నిలుపుకుందో దాన్ని కాపాడుకోవాలనుకోవడం సహజం. అహ్మదీల జవాబు ఇది: కొత్త షరీఅత్ తెచ్చే ప్రవక్త రాడని మేమూ నమ్ముతాం, ముహమ్మద్‌ను సంపూర్ణంగా అనుసరించి, ఆయన నీడగా ఆ పేరు పొందే అనుచరుడికి ద్వారం మూసుకోలేదు. వాళ్ల కలిమా అదే, ఖురాన్ అదే, ఐదు పూటల నమాజు అదే, ఖిబ్లా అదే. అయినా ఒక్క అర్థభేదం మిగతా పోలికలన్నిటినీ మింగేసింది.

దూరం రెండు వైపుల నుంచీ పెరిగిందని కూడా చెప్పాలి. మీర్జాను అంగీకరించని ఇమాం వెనుక నమాజు చేయకూడదని అహ్మదీలు నియమం పెట్టుకున్నారు. 1908లో మీర్జా మరణించాక నూరుద్దీన్ ఖలీఫా అయ్యారు. 1914లో ఆయన పోగానే అహ్మదీల జమాత్ చీలింది. మీర్జా కుమారుడు బషీరుద్దీన్ మహమూద్ నాయకత్వంలో ఎక్కువమంది ఖాదియాన్‌లో నిలిచారు. మౌలానా ముహమ్మద్ అలీ వర్గం లాహోరుకు వెళ్లిపోయి, మీర్జా ప్రవక్త కాదు, ధర్మ పునరుద్ధారకుడు మాత్రమేనంది.

హైదరాబాదు రాజ్యంలో ఈ వివాదానికి రెండు గొంతులూ ఉండేవి. సికింద్రాబాదు వర్తకుడు సేఠ్ అబ్దుల్లా అలాదీన్ అహ్మదీయ కరపత్రాలను విరివిగా అచ్చువేయించి పంచారు. ఉస్మానియాలో అర్థశాస్త్రం బోధించిన ప్రొఫెసర్ ఇల్యాస్ బర్నీ, మీర్జా రచనల నుంచే వాక్యాలు తీసి పేర్చి ఖండన గ్రంథం రాశారు. ఉపఖండమంతటా ఉలేమా చేతుల్లో ఆ పుస్తకం తిరిగింది. పుస్తకానికి పుస్తకం, వాదానికి వాదం. వివాదం అక్కడే ఉండి ఉంటే ఈ ఉపన్యాసం వేరుగా ఉండేది.

వాదం ప్రభుత్వం గుమ్మం ఎక్కడం 1935లో కనిపిస్తుంది. అహ్మదీలను ప్రత్యేక సమాజంగా ప్రకటించమని కవి ఇక్బాల్ బ్రిటిష్ ప్రభుత్వాన్ని కోరారు. దాని మీద నెహ్రూ ‘మోడరన్ రివ్యూ’లో ప్రశ్నలు వేస్తే ఇక్బాల్ సుదీర్ఘంగా బదులిచ్చారు. విభజనలో ఖాదియాన్ భారతదేశంలో ఉండిపోయింది. 313 మంది అహ్మదీలు దాని రక్షణకు అక్కడే ఆగారు, రెండో ఖలీఫా అయిన బషీరుద్దీన్ పాకిస్తాన్ వెళ్లి 1948లో రబ్వా పట్టణం కట్టించారు. ఆ కొత్త దేశానికి తొలి విదేశాంగ మంత్రి జఫరుల్లా ఖాన్ అహ్మదీయే.

1953లో జఫరుల్లాను తొలగించాలని, అహ్మదీలను ముస్లిమేతరులుగా ప్రకటించాలని పంజాబులో అల్లర్లు చెలరేగి, లాహోరులో సైనిక శాసనం పెట్టవలసి వచ్చింది. విచారణ జరిపిన జస్టిస్ మునీర్, జస్టిస్ కయానీ ఒక్కొక్క మత పండితుణ్నీ పిలిచి, ముస్లిం అంటే ఎవరో నిర్వచించమని అడిగారు. ఏ ఇద్దరి నిర్వచనమూ కలవలేదని 1954 నివేదికలో రాశారు. ఈ వివాదం మీద రాసిన వాటిలో నేను పదేపదే తిరిగి చదివేది ఆ నివేదికనే. పండితులు ఏకాభిప్రాయానికి రాలేని నిర్వచనాన్ని పోలీసుకు అప్పగిస్తే ఏమవుతుందో అందులో ముందే ఉంది.

ఇరవై ఏళ్లకు అదే జరిగింది. 1974లో పాకిస్తాన్‌లో భుట్టో ప్రభుత్వం జాతీయ అసెంబ్లీని రహస్యంగా సమావేశపరచి, మూడో ఖలీఫా మీర్జా నాసిర్ అహ్మద్‌ను పదకొండు రోజులపాటు ప్రశ్నించింది. సెప్టెంబరు 7న రాజ్యాంగానికి రెండో సవరణ వచ్చింది. అహ్మదీలు, లాహోరు వర్గంతో సహా, ముస్లింలు కారన్నది దాని సారాంశం. 1984లో సైనిక పాలకుడు జియావుల్ హక్ ఆర్డినెన్స్ మరో మెట్టు దిగింది. అహ్మదీ తనను ముస్లిం అని చెప్పుకుంటే, తన ప్రార్థనాస్థలాన్ని మసీదు అంటే, అజాన్ పిలిస్తే మూడేళ్ల దాకా జైలు. నాలుగో ఖలీఫా ఆ ఏడే లండన్ చేరారు. నోబెల్ తెచ్చిన అహ్మదీ శాస్త్రవేత్త అబ్దుస్సలాం సమాధి ఫలకం మీద ‘ముస్లిం’ అన్న ఒక్క మాటను చెరిపేశారు. 2010 మే 28 శుక్రవారం లాహోరులో రెండు అహ్మదీ ప్రార్థనాస్థలాల మీద దాడి చేసి ఎనభైమందికి పైగా చంపేశారు. చట్టం తుపాకీ పట్టుకోలేదు. కానీ ఎవరి మీద గురిపెట్టవచ్చో ముప్పై ఆరేళ్లపాటు చూపిస్తూ వచ్చింది. ఈ మాట బాధ్యతతోనే అంటున్నాను.

మన న్యాయస్థానాలు వేరే దారిన నడిచాయి. భర్త అహ్మదీ కావడంతో నికా రద్దయినట్టేనని భావించి మలబారులో ఒక స్త్రీ మళ్లీ పెళ్లి చేసుకుంది. ఆ కేసులో 1922లో మద్రాసు హైకోర్టు, అహ్మదీ కావడం ఇస్లాంను వదలడం కాదని చెప్పింది. అప్పుడు మన కోస్తా, సీమ జిల్లాలకూ అదే హైకోర్టు. 1970లో కేరళ హైకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పూ అదే. 2011 జనగణన అహ్మదీయను ఇస్లాంలో ఒక శాఖగానే లెక్కించింది.

ఆంధ్రప్రదేశ్ వక్ఫ్ బోర్డు మాత్రం 2012లో అహ్మదీలు ముస్లింలు కారని తీర్మానించింది. హైకోర్టు దాన్ని నిలిపివేసింది. 2023 ఫిబ్రవరిలో బోర్డు మళ్లీ వాళ్లను కాఫిర్లంది. ఒక సమాజపు మత గుర్తింపును తేల్చే అధికారం వక్ఫ్ బోర్డులకు లేదని ఆ జూలైలో కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ రాష్ట్ర ప్రభుత్వానికి రాసింది. జమియత్ ఉలమాయె హింద్ బోర్డునే సమర్థించింది.

జమియత్‌కు ఆ మాట అనే హక్కు ఉంది. అది ఉలేమా సంస్థ. ఫత్వా నచ్చినవాళ్లు పాటిస్తారు, నచ్చనివాళ్లు ఎదురు రాస్తారు, బర్నీ, అలాదీన్ రాసుకున్నట్టే. వక్ఫ్ బోర్డు అలాంటిది కాదు. 1995 చట్టం కింద మసీదుల, శ్మశానాల ఆస్తులను చూసుకోవడానికి ఏర్పడిన సర్కారీ సంస్థ అది. దాని తీర్మానంతో ఒక అహ్మదీ కుటుంబానికి మసీదు మీద, శ్మశానం మీద హక్కు ప్రశ్నార్థకమవుతుంది. ఆ కుటుంబం విశ్వాసం తప్పా ఒప్పా అన్నది వాళ్లూ ఉలేమా తేల్చుకోవలసిన సంగతి. బోర్డు చేయవలసింది ఆ శ్మశానం ప్రహరీ కబ్జా కాకుండా చూడటం.