మిరప కల్లం దగ్గరే మన రిహార్సల్

(గరికపాడులో జరిగిన రైతు సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర, కౌలు కార్డులు మాట్లాడుకున్నాక చివరి అంశంగా బుర్రకథ దళాల సంగతి పెట్టాం. చివర పెట్టినంత మాత్రాన చిన్న విషయం కాదు. దసరా దాటాక మన దళాలు చాలా ఊళ్లలో ఒక్కసారి కూడా కూర్చోలేదు. అడిగితే అందరిదీ ఒకటే మాట: "ఈ పనులు కానీయండి, చూద్దాం."

ఆ పనులేమిటో మనకు తెలియనివి కావు. చలి ముదిరేసరికి పత్తి తీతలు, కంది కోత, మిరపకు నీళ్లు, మందులు. సంక్రాంతి దాటితే మిరప కోతలు, ఎండబెట్టడం, తాలు ఏరడం, గుంటూరు యార్డుకు బస్తాలు. వీటి మధ్య పాడి. 2021లో నల్ల తామర పురుగు విరుచుకుపడ్డ దగ్గర్నుంచీ మిరప చేను మీద రోజూ కన్నేసి ఉంచాల్సిందే. ఇంత చేసి ఇంటికొచ్చినవాళ్లకు తంబుర పట్టబుద్ధి కాదు. అది బద్ధకం కాదు, అలసట.

అయితే ఒక లెక్క చూసుకుందాం. మిరప పని తెమిలేసరికి ఎండలు ముదురుతాయి. తర్వాత పెళ్లిళ్లు. మృగశిర వస్తే దుక్కులు, విత్తనాలు. పని లేని నెల రైతు పంచాంగంలో లేదు. పనులయ్యాక పాడదామంటే ఇక పాడేది లేదు.

పాట ఆగితే ఏం పోతుందని కొందరు అడుగుతున్నారు. 1943లో ప్రజానాట్యమండలి పుట్టాక రైతుల గోడును ఊరూరా తిప్పింది బుర్రకథే. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబంలో పుట్టిన షేక్ నాజర్ ఆ కళకు ప్రాణం పోశారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. కరపత్రం చదవలేనివాళ్లకు కూడా కథ అర్థమయ్యేది.

ఇవాళ మాత్రం ఆ అవసరం తీరిందా? పత్తిలో తేమ 8 శాతం లోపు ఉంటే పూర్తి మద్దతు ధర, 12 దాటితే సీసీఐ కొనదు. ఈ ముక్క కరపత్రంలో వేస్తే జేబులోనే ఉండిపోతుంది. అదే హాస్య వంత నోట తేమ మిషన్ మీద నాలుగు మాటలు పడితే, మంచు ఆరకముందే పత్తి తీస్తే ఎంత నష్టమో ఊరంతా చెప్పుకుంటుంది. కౌలు రైతుకు సాగు హక్కు పత్రం ఇవ్వాలని 2019 చట్టం చెబుతోంది. అది భూయజమాని హక్కుకు అడ్డు కాదని ఊరి నడిమధ్య చెప్పాలన్నా పాటే దారి.

అందుకే మూడు పనులు ప్రతిపాదిస్తున్నాం.

ఒకటి. రిహార్సల్‌కు వేరే చోటు వెతకొద్దు. మిరప కల్లాల దగ్గర రాత్రి కాపలా ఎలాగూ ఉంటుంది. మంచుకు కాయల మీద పట్టాలు కప్పాక, వారంలో ఒక్క రాత్రి అరగంట కూర్చుందాం. కథకుడు, రాజకీయ వంత, హాస్య వంత, ముగ్గురుంటే చాలు. రాశికి గాలివాటుగా కూర్చోకండి, ఘాటుకు గొంతు పోతుంది.

రెండు. కొత్త కథ మొత్తం ఎత్తుకోవద్దు. పత్తి తేమ మీద పావుగంట కథ చాలు. మనసు రాని రోజున కూడా వచ్చి కూర్చోండి, వంత పలకండి. ముందు గొంతు కదిలితే మనసు తర్వాత వస్తుంది.

మూడోది మగవాళ్లకు. 1940లలోనే మోటూరి ఉదయం గారు మహిళా బుర్రకథ దళాన్ని నడిపారు. మన ఊళ్లలో ఆడవాళ్లు పొద్దంతా కాయ కోసి, ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి దగ్గర నిలబడుతున్నారు. వాళ్లకు రాత్రి కల్లం దాకా రావడం కుదరకపోతే వాళ్లు చెప్పిన చోట, చెప్పిన వేళకు పెట్టుకుందాం. ఆ పూట వంట, పాలు పితకడం మగవాళ్లు చూసుకోవాలి. ఒకరి చేలోకి ఒకరం బదులు పనికి వెళ్తున్నాం కదా, ఇంట్లో బదులు పనికి సిగ్గెందుకు?

ఇవాళ ఇళ్లకు వెళ్లేముందే ప్రతి ఊరి కమిటీ తమ రిహార్సల్ రోజు ఏదో రాసి ఇవ్వాలి. వచ్చే నెల సమావేశం ఉపన్యాసంతో కాదు, మీలో ఒక దళం కథతో మొదలవుతుంది. ఏ ఊరి దళమో మీరే తేల్చండి.