బిడ్డ ఆరోగ్యం మనపై ఉన్న అమానతు

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక! అమ్మా బాద్.

ధార్మిక సోదరులారా!

సంతానం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. ప్రతి వ్యక్తీ తన సంరక్షణలో ఉన్నవారిని గురించి జవాబు చెప్పుకోవలసి ఉంటుందని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. బిడ్డకు సకాలంలో టీకా వేయించడం కూడా ఆ బాధ్యతలో భాగమే.

"తఖ్దీర్‌లో ఉన్నది జరిగి తీరుతుంది, టీకా దేనికి?" అని కొందరంటారు. హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు పయనమై దారిలో ఉండగా అక్కడ ప్లేగు ప్రబలిందని తెలిసింది. ఆయన సహచరులతో సంప్రదించి వెనుదిరిగారు. దైవవిధి నుండి పారిపోవడమా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించగా, దైవవిధి నుండి దైవవిధి వైపునకే వెళుతున్నామని బదులిచ్చారు. రోగమూ విధియే, దానినుండి కాపాడుకొనే ఉపాయమూ విధియే.

మరికొందరిని వదంతులు భయపెడతాయి. పోలియో చుక్కలు వేస్తే సంతానం కలగదనే మాట ఒకప్పుడు పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోని ముస్లిం వాడలలో వ్యాపించింది. తలుపులు మూసుకున్నాయి. పసివారి కాళ్ళు చచ్చుబడ్డాయి. అప్పుడు ఉలమాలు ముందుకు వచ్చారు, మస్జిదులలో ప్రకటనలు చేశారు. 2011 జనవరి తరువాత దేశంలో సహజ పోలియో వైరస్ సోకిన బిడ్డ లేదు. 2014 మార్చి 27న మన ప్రాంతం పోలియోరహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. అయినా 2017లో తట్టు-రుబెల్లా టీకా విషయంలో అవే వదంతులు ఫోన్లలో మళ్ళీ పలు రాష్ట్రాలు తిరిగాయి. వార్త వస్తే నిర్ధారించుకోవాలని సూరా అల్ హుజురాత్ 6వ ఆయతు మనకు బోధిస్తున్నది. విచారించకుండా ముందుకు పంపిన సందేశం ఏ బిడ్డకైనా హాని చేస్తే దాని భారం మనది కాదా?

తట్టు గాలి ద్వారా సోకుతుంది. 9 నెలలు నిండని శిశువుకు సాధారణంగా ఆ టీకా వేయరు. చుట్టూ ఉన్న పిల్లలు టీకా పొంది ఉండడమే ఆ పసికందుకు రక్ష. కనుక ఇది పొరుగువారి హక్కు కూడా.

వైద్యవృత్తిలోని వారికి ఒక మనవి. ప్రశ్నించే తల్లి మూర్ఖురాలు కాదు, బిడ్డపై ప్రేమతో భయపడుతున్నది. టీకా తరువాత జ్వరం రావచ్చని, వస్తే ఏమి చేయాలో, ఎప్పుడు తిరిగి తీసుకురావాలో ముందే సౌమ్యంగా చెప్పండి. కసురుకొని పంపిస్తే ఆమె మళ్ళీ రాదు. నష్టపోయేది బిడ్డయే.

సోదరులారా! మన బాన్సువాడ ప్రభుత్వ ఆసుపత్రిలోనూ, గ్రామాల ఉపకేంద్రాలలోనూ ఈ టీకాలు ఉచితం. తట్టు-రుబెల్లా టీకా మొదటిది 9 నెలలు నిండాక, రెండవది 16 నుండి 24 నెలల మధ్య వేయించాలి. ఇది తల్లుల పని అని తండ్రులు తప్పుకోరాదు. నేడు ఇంటికి వెళ్ళి బిడ్డ టీకా కార్డు తీసి చూడండి. తప్పినది ఉంటే వైద్యులను అడిగి వేయించండి. ఆపై అల్లాహ్‌పై భారం వేయండి.

ఓ అల్లాహ్! మా సంతానానికి ఆరోగ్యాన్ని, మాకు వివేకాన్ని, వైద్యుల చేతికి స్వస్థతను ప్రసాదించు. ఆమీన్.