వినే చెవి
(ఉగాది సభలో ఒక పాఠకురాలు చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు జపాను బొమ్మల కథలను గురించి మాట్లాడతానంటే కార్యవర్గమువారు కాదనలేదు. అందుకు కృతజ్ఞురాలిని. మన కాలేజీ పిల్లలు, ముఖ్యముగా ఆడపిల్లలు, ఫోనులలో చదువుతున్న కథలివి. జపానువారు వీటిని ‘మాంగా’ అంటారు. పుటను కుడినుండి ఎడమకు చదువుకోవాలి. ఇందులో ఇద్దరు యువకుల నడుమ ప్రేమను చెప్పే శాఖ ఒకటి ఉన్నది. దానిని ‘బాయ్స్ లవ్’ అంటారు. 1970 తరువాత దానికి పునాదులు వేసినవారు యువ రచయిత్రులు. నేటికీ వ్రాసేవారిలోనూ చదివేవారిలోనూ స్త్రీలే ఎక్కువ. నేనూ వారిలో ఒకతెను. పేరు వినగానే నొసలు చిట్లించేవారు ఉండవచ్చు. వారిని నేను కోరేది ఒక్కటే. ఈ కథలలో దెబ్బతిన్న మనసు ఏ విధముగా కోలుకుంటున్నదో కాసేపు నాతోపాటు చూడండి.

ముందుగా మన బళ్ళారి రంగస్థలమును తలచుకుందాము. ఆంధ్ర నాటక పితామహుడని పేరుపొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు (1853–1912) ఈ ఊరి వకీలు. సరస వినోదినీ సభను నడిపినవారు. సంస్కృత నాటక సంప్రదాయము కాదన్నప్పటికీ ‘విషాద సారంగధర’ను ఆయన దుఃఖాంతముగానే వ్రాశారు. సారంగధరుని కథ మనకు కొత్తది కాదు. సవతి తల్లి చిత్రాంగి నింద వేసింది, రాజు నమ్మాడు, కొడుకు కాలుసేతులు నరకమన్నాడు. తలారి కత్తి కంటె ముందు ఆ బిడ్డను కోసినది ఒకటి ఉన్నది. తండ్రి అతని మాట వినకపోవడమే అది. ఒక్క గడియ కూర్చుండి విన్నట్లయితే ఆ కథ మరొక విధముగా నడిచి ఉండేది.

ఇక జపాను కథకు వస్తాను. మోతో హగియో అనే రచయిత్రి 1974లో ఒక బాలికల వారపత్రికలో ‘తోమా హృదయము’ అనే కథను ప్రకటించింది. కథ జరిగేది జర్మనీలో, ఒక మగపిల్లల హాస్టలు బడిలో. తోమా అనే కుర్రవాడు యూలి అనే తోటి విద్యార్థికి ప్రేమతో ఒక ఉత్తరము వ్రాసి, వంతెన మీదినుండి పడి చనిపోతాడు. యూలి చదువులో ముందుంటాడు, క్రమశిక్షణ గలవాడు. పైకి ఏ లోపమూ కనిపించదు. కాని అంతకుముందే పెద్ద తరగతి విద్యార్థి ఒకడు అతనిని హింసించాడు. నాటినుండి తాను ప్రేమకు తగనివాడినని అతని లోపల ఒక తీర్పు స్థిరపడిపోయింది. ఆస్కార్ అనే గది స్నేహితునికి ఆ సంగతి తెలుసు. అయినా గుచ్చి గుచ్చి అడగడు. పక్కనే ఉండి, తనంతట తాను చెప్పే రోజు కోసము కాచుకుంటాడు. చివరకు యూలి నోరు విప్పుతాడు. కథ జంట కలవడముతో ముగియదు. అతడు మతవిద్య చదువుకోవడానికి బడి విడిచి వెళతాడు. అయినా చదివినవారికి అతడు బాగుపడ్డాడనే తోస్తుంది. తన గాయమును తన నోటితో చెప్పగలిగాడు, విన్నవారు అతనిని అసహ్యించుకోలేదు. మందు అదే.

ఇటీవలి కథ మరొకటి, నత్సుకి కిజు వ్రాసిన ‘గివెన్’. 2013 నుండి 2023 వరకు ఒక పత్రికలో వచ్చింది. మాఫుయు అనే కుర్రవాడు తీగలు తెగిన గిటారును ఒడిలో పెట్టుకొని తిరుగుతుంటాడు. అది చనిపోయిన అతని ప్రియునిది. ఉఎనొయామా అనే తోటి విద్యార్థి అతనికి నీతులు చెప్పడు, ఊరడింపు మాటలూ చెప్పడు. తీగలు బాగుచేసి ఇస్తాడు, వాయించడము నేర్పుతాడు. ఒకనాడు వేదిక మీద మాఫుయు దుఃఖము పాటగా బయటికి వస్తుంది. పోయినవాడు తిరిగి రాడు. గొంతులో అడ్డుపడి ఉన్న మాట మాత్రము వెలికి వస్తుంది.

ఈ శాఖలోని కథలన్నీ మంచివేనని నేను అనడము లేదు. బలవంతమును ప్రేమగా చూపేవి కొన్ని ఉన్నవి. ప్రేమ దొరికితే చాలు, మనోవ్యాధి దానంతట అదే నయమవుతుందని నమ్మించేవీ ఉన్నవి. పిల్లల చేతిలోని పుస్తకమును లాగివేయకుండా ఈ తేడాను వారితో కూర్చుండి మాట్లాడడమే పెద్దల పని.

ఇక మన సంగతి. తుంగభద్ర ఆనకట్ట నీరు కాలువలకు వచ్చిన 1950ల నాటినుండి కృష్ణా, గోదావరి, గుంటూరు సీమల రైతులు ఈ ప్రాంతములకు తరలివచ్చి క్యాంపులు కట్టుకున్నారు. నల్లరేగడిని వరిమడి చేశారు. అయితే స్వగ్రామములో అమ్మమ్మ, మేనమామ, పక్కింటి పిన్ని ఉండేవారు. తండ్రికి చెప్పలేనిది పిల్లవాడు వారికి చెప్పుకునేవాడు. క్యాంపులో ఇళ్ళు తక్కువ, అందరూ తెలిసినవారే. అందుచేత “నలుగురూ ఏమనుకుంటారు” అనే భయము ఇక్కడ రెండింతలు. పరీక్ష తప్పినవాడు, ఎవరి చేతనో హింసపడినవాడు, తన మనసు మరొక మగవానివైపు పోతున్నదని తెలుసుకున్నవాడు, వీరు ఎవరికి చెప్పుకుంటారు? యుక్తవయస్కుల నడుమ ఇష్టపూర్వకమైన అటువంటి సంబంధము నేరము కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పింది. న్యాయస్థానము తలుపు తెరిచింది గాని, ఇంటి తలుపు తెరవవలసినది మనము.

ఈ విషయములో మన జిల్లాకు ఒక ఘనత ఉన్నది. బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు 1980లలో బళ్ళారి జిల్లాను ఎన్నుకొని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల డాక్టర్లకూ సిబ్బందికీ మానసిక వ్యాధులను గుర్తించడములో, చికిత్స చేయడములో శిక్షణ ఇచ్చారు. పిచ్చాసుపత్రి దాకా పోనక్కరలేకుండా ఊరి దగ్గరే వైద్యము అందించవచ్చునని ఇక్కడ రుజువయింది. 1996లో దేశములో ఆరంభమైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమునకు ‘బళ్ళారి నమూనా’యే ఆధారము. 2022లో ప్రభుత్వము ఆరంభించిన టెలి మానస్ సేవకు 14416కు ఫోను చేయవచ్చును. ఖర్చు లేదు. మనసుకు జబ్బు చేస్తే డాక్టరు వద్దకు పోవడములో సిగ్గుపడవలసినది ఏదీ లేదు.

కాని డాక్టరు వద్దకు తోడుగా వెళ్ళేవారు ఇంటివారే. నేటి రాత్రి భోజనమైన తరువాత మీ పిల్లవాడు ఏదో చెప్పబోయి ఆగిపోతే, తొందరపెట్టకండి, తీర్పు చెప్పకండి. ఆస్కార్ వలె పక్కన కూర్చోండి. రాజరాజు వలె మాత్రము ఉండకండి.