అరకు కాఫీ అని కొడితే ఎవరు కనిపిస్తున్నారు?

ఫోన్లు లోపల పెట్టండని హాస్టల్‌లో రోజూ చెప్తాను. ఇవాళ మాత్రం బయటికి తియ్యండి. గూగుల్ తెరిచి 'అరకు కాఫీ' అని కొట్టండి. మొదట వచ్చిన పది పేర్లు చదవండి. అందులో మన ఊళ్ళ వాళ్ళు సొంతంగా నడుపుకునే దుకాణాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

నవ్వుతున్నారు గదా, నాకు జవాబు తెలిసిపోయింది.

2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు వేలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. జీసీసీ 1956 నుంచీ ఉన్న సంస్థ, దాని పేరు ముందు వస్తే నాకు సంతోషమే. కానీ తోటలో పండు కోసే చేతులు ఇక్కడున్నప్పుడు, ఆ చేతులు పెట్టుకున్న చిన్న దుకాణం ఎవరికీ కనిపించకపోతే ఎలా? సంతలో షావుకారు చెప్పిన ధరకి ఇచ్చేసి రావడం, ఇంతేగా మిగిలేది.

మా హాస్టల్‌లో చదివి వెళ్ళిన అమ్మాయి ఒకతి ఉంది. పాడేరు దగ్గర ఊరు. వాళ్ళమ్మ ఉన్న మహిళా సంఘం కాఫీ, మిరియాలు అమ్ముతుంది. ఈ పిల్ల తన స్నేహితుడి చేత వెబ్‌సైట్ చేయించింది. ఏడాది గడిచింది, ఒక్క ఆర్డరు రాలేదు. ఒకరోజు నా దగ్గరికొచ్చి "మేడమ్, గూగుల్‌కి మనమంటే పడదేమో" అంది. నేను బీఈడీ చదివినదాన్ని, కంప్యూటర్ చదవలేదు. కానీ గూగుల్ వాళ్ళే ఉచితంగా పెట్టిన స్టార్టర్ గైడ్ ఉంది. ఇద్దరం కూర్చుని పాఠం చదివినట్టు చదివాం. అందులో నాకు అర్థమైనంతవరకే మీకు చెప్తాను.

గూగుల్ దగ్గర ఒక యంత్రం ఉంటుంది. అది ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి లింకుల మీద నడుస్తుంది. రోడ్డు లేని ఊరికి అంబులెన్సు రాదు, డోలీ కట్టాల్సిందే. అది మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. లింకు లేని పేజీకి ఆ యంత్రం రావడం కూడా అంతే కష్టం. వచ్చి చూసిన పేజీని తన రిజిస్టర్‌లో రాసుకుంటుంది. ఎవరైనా ఏదైనా వెతికితే ఆ రిజిస్టర్‌లోంచే తీసి, ఏది ముందు, ఏది వెనక అని వరస పెడుతుంది. రిజిస్టర్‌లో పేరే లేని పిల్లకి ర్యాంకు ఎక్కణ్ణించి వస్తుంది?

అందుకని ముందు హాజరు చూశాం. ఇంగ్లిషులో సైట్ అని రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ వెబ్‌సైట్ అడ్రసు గూగుల్‌లో కొట్టండి. గూగుల్‌కి తెలిసిన మీ పేజీలు వస్తాయి. ఆ అమ్మాయి కొడితే ఒక్కటీ రాలేదు. ఏమైందా అని వెతికితే దొరికింది. వాళ్ళ సైట్ వర్డ్‌ప్రెస్‌లో చేశారు. దాని సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే చోట ఒక చిన్న గడి ఉంటుంది. అందులో టిక్కు పెడితే 'సెర్చ్ ఇంజిన్లు మమ్మల్ని రాసుకోవద్దు' అని చెప్పినట్టు. సైట్ కడుతున్నప్పుడు ఆ అబ్బాయి టిక్కు పెట్టాడు, పూర్తయ్యాక తియ్యడం మర్చిపోయాడు. ఏడాదిపాటు మనమే తలుపు గడియ పెట్టుకుని చుట్టాలు రాలేదని కూర్చున్నాం.

టిక్కు తీశాం. తర్వాత గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో, అదీ ఉచితమే, సైట్ మాదేనని రుజువు చూపించి, సైట్‌మ్యాప్ ఇచ్చాం. సైట్‌మ్యాప్ అంటే మా దగ్గర ఉన్న పేజీలివీ అని ఇచ్చే జాబితా. ఇచ్చిన మర్నాడే అన్నీ రాసుకోదు, కొన్నాళ్ళు పడుతుంది. ఓపిక పట్టాలి.

ఆ ఓపిక లేకే ఆ అమ్మాయి నాకు చెప్పకుండా ఒక పని చేసింది. ఎవరో ఫోన్ చేసి పదిహేను రోజుల్లో గూగుల్‌లో మొదటి స్థానం గ్యారంటీ అన్నాడట. సంఘం డబ్బు ఎనిమిది వేలు పంపింది. పదిహేనో రోజు అతను స్క్రీన్‌షాట్ పంపాడు, నిజంగానే మొదటి స్థానం! ఏం వెతికాడో చూశాను. వాళ్ళ సంఘం పూర్తి పేరు, ఊరి పేరుతో సహా కొట్టాడు. నీ ఇంటిపేరుతో సహా పిలిస్తే నువ్వు కాక ఇంకెవరు పలుకుతారు? అతను చేసిన పనల్లా ఏవో చెత్త సైట్లలో వందలకొద్దీ లింకులు పెట్టడం. ర్యాంకు కోసం లింకులు కొనడం గూగుల్ నియమాలకు విరుద్ధం. 2012లో పెంగ్విన్ అనే మార్పు తెచ్చి అలాంటి సైట్లని వెనక్కి తోసింది కూడా. మొదటి స్థానం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే రాసి పెట్టింది. ఆ ఎనిమిది వేలూ ఆ అక్కల మిరియాల డబ్బు. సంఘం మీటింగ్‌లో నిలబడి చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ పిల్ల ఏడ్చింది. తిట్టడానికి నాకు నోరు రాలేదు.

ఇక అసలు పని, రాయడం. వాళ్ళ మొదటి పేజీకి శీర్షిక 'హోమ్' అని ఉంది. టీచరు నల్లబల్ల మీద 'పాఠం' అని రాసి ఊరుకున్నట్టు. కింద ఫ్లెక్సీలాంటి పెద్ద బొమ్మ, మాటలన్నీ ఆ బొమ్మలోనే. బొమ్మలోని రాతని నమ్ముకోకుండా విడిగా టైపు చేసిన మాటలు ఉండాలి. పైగా ఫోన్‌తో తీసిన ఫోటోలు తగ్గించకుండా ఎక్కించేశారు. మన సిగ్నల్‌కి పేజీ తెరుచుకునేసరికి కాఫీ చల్లారిపోతుంది. ఇప్పుడు గూగుల్ ఫోన్‌లో కనిపించే పేజీనే లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి ఫోన్‌లో తెరిచి చూసుకోండి.

ఆ బొమ్మ మీద ఏం రాశారు? స్వచ్ఛమైన, సహజమైన, ఆర్గానిక్, ప్రీమియం, నంబర్ వన్. అందరూ రాసేవే. సర్టిఫికెట్ లేకుండా ఆర్గానిక్ అని అమ్మకూడదు, తీసెయ్యమన్నాను. భౌగోళిక గుర్తింపు లోగో కూడా అధీకృత వాడకందారుగా నమోదైన వాళ్ళే వెయ్యాలి. వాటి బదులు మీ దగ్గర ఉన్న 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు వెయ్యమన్నాను. కొనేవాడికి అది నమ్మకం.

మరి ఏం రాయాలి? సంఘం ఫోన్‌కి వచ్చిన ప్రశ్నలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయించాను. గింజలా పొడా? వేయించినవా, పచ్చివా? చికోరీ కలుపుతారా? చెర్రీకి పార్చ్‌మెంట్‌కి తేడా ఏంటి? ఐదు కిలోలు హైదరాబాద్ పంపుతారా? మనుషులు నోటితో అడిగేవే వేళ్ళతో గూగుల్‌ని అడుగుతారు. 'అరకు కాఫీ' అనే రెండు మాటల దగ్గర పెద్ద కంపెనీలతో మనం పోటీ పడలేం. 'పాడేరు వేయించని కాఫీ గింజలు ఐదు కిలోలు' అని వెతికేవాళ్ళు కొద్దిమందే. కానీ వాళ్ళు కొనడానికే వస్తారు. ఆ పేజీ రాసినవాళ్ళూ తక్కువే. మన చోటు అక్కడ.

రాసేటప్పుడు ఆ పిల్లకి మాటలు రాలేదు. వాళ్ళమ్మని కూర్చోబెట్టి చెప్పమన్నాం. ఆమె చెప్తూనే ఉంది. సిల్వర్ ఓక్ నీడ, ఆ చెట్లకి పాకిన మిరియాల తీగ, ఎర్రగా పండినవే ఎందుకు ఏరాలి, కోసిన రోజే పల్పింగ్ ఎందుకు చెయ్యాలి, ఆలస్యమైతే గింజ ఏ వాసన వేస్తుంది, నేల మీద ఆరబెడితే ఏమవుతుంది. పాడేరు చూడకుండా రాసే ఏ కంపెనీ మనిషికీ ఈ మాటలు దొరకవు. ఆమె చెప్పింది చెప్పినట్టు తెలుగులో ఒక పేజీ, ఇంగ్లిషులో ఒక పేజీ పెట్టాం. ఒక్కో సరుకుకి ఒక్కో పేజీ, ఒక పేజీ నుంచి ఇంకోదానికి లింకు. ఫోటో కింద అది ఏ ఫోటోనో మాటల్లో రాశాం. వాళ్ళ నాయనమ్మ పండు కోస్తున్న ఫోటో దగ్గర ఆగి, "నాయనమ్మని అడిగావా?" అన్నాను. అడగలేదట. ఆ మధ్య ఎవరో పట్నం దుకాణం వాళ్ళు ఈ ఫోటోనే ఎత్తుకుపోయి తమ పేజీలో పెట్టుకుంటే మండిపడ్డ పిల్లే తను. వెళ్ళి అడిగింది. మంచి చీర కట్టుకున్నాక మళ్ళీ తియ్యమందట ముసలామె.

మ్యాప్‌లో మన ఊళ్ళ పేర్లు చూశారా? ఒకే ఊరు రెండు మూడు రకాలుగా ఉంటుంది, కొన్ని అసలే ఉండవు. శీతాకాలంలో వంజంగి, లంబసింగి వచ్చే కార్లవాళ్ళు 'దగ్గరలో కాఫీ' అని వెతుకుతారు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ పెట్టి, గుర్తు సరైన చోట గుచ్చి, తెరిచి ఉండే వేళలు నిజంగా ఉండేవే రాయండి. సంత రోజు మూసేస్తే ఆ మాటా రాయండి. మీ అన్నయ్యల చేత, బావల చేత ఐదు చుక్కల మెచ్చుకోళ్ళు రాయించకండి. నిజంగా కొన్నవాళ్ళని అడిగితే రాస్తారు.

నాలుగు నెలలైంది. 'అరకు కాఫీ' అని కొడితే వాళ్ళ సైట్ ఇప్పటికీ కనిపించదు, మీకు అబద్ధం చెప్పను. పచ్చి గింజల పేజీ మాత్రం మొదటి పేజీలోకి వచ్చింది, దానిమీద కొన్ని ఆర్డర్లు వచ్చాయి. సెర్చ్ కన్సోల్‌లో ఏ మాటలు వెతికి వచ్చారో కనిపిస్తుంది. అందరికంటే ఎక్కువమంది వచ్చింది వాళ్ళమ్మ చెప్పిన పల్పింగ్ పేజీకి. వాళ్ళు కొనేవాళ్ళు కాదు, మనలాంటి రైతులే. గింజ వాసన ఎందుకొస్తోందని వెతుక్కుంటూ వచ్చారు. డబ్బు రాని పేజీ కదా, తీసేద్దామా అంది అమ్మాయి. ఉండనీ అన్నాను. అలాంటి పేజీకే పదిమందీ లింకు ఇస్తారు. ఆ లింకులు కొన్నవి కావు.

ఒక్క మాట మిగిలింది. ఆ సైట్ కట్టిన అబ్బాయి ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగంలో ఉన్నాడు. డొమైన్ అతని ఈమెయిల్ మీదే ఉంది. రెన్యువల్ తేదీ అతనికి తప్ప ఎవరికీ తెలియదు. తేదీ దాటితే ఇంత పనీ పోతుంది. మీ సైట్ ఎవరి పేరున ఉందో ఇవాళే కనుక్కోండి.

సభ అయ్యాక నేను ఆ మూల, మంచినీళ్ళ డ్రమ్ము పక్కన బల్ల దగ్గర ఉంటాను. వెబ్‌సైట్ ఉన్నవాళ్ళు ఫోన్ పట్టుకుని రండి, హాజరు చూద్దాం. ఛార్జింగ్ కొంచెం మిగుల్చుకోండి, ఇక్కడ ఉన్న ప్లగ్గు ఒక్కటే, అది మైకుకి పెట్టారు.